బంగారు కేబుళ్ళు, గొర్రె గొంగడి

మొన్న దసరాకి నల్లగొండ వెళ్ళినప్పుడు మా బావ నన్ను హాల్లో సోఫాలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఒక పాట పెట్టాడు. పాట అయ్యాక "ఏమన్న తెలిసిందా బామ్మర్దీ?" అన్నాడు. నాకు తెలిసిందల్లా ఆ హాల్లో ప్రతి మాటా గోడకి కొట్టుకుని మళ్ళీ వస్తోందని. గృహప్రవేశమై ఏడాది కూడా కాని ఇల్లు. ఆ మాట అంటే బాగోదని "ఏంది బావా?" అన్నాను. స్పీకరు వెనకనించి బొటనవేలంత లావు కేబులు ఒకటి తీసి చూపించాడు. పైన నల్లటి వల, చివర్లకి బంగారు పూత. ముప్ఫై ఎనిమిది వేలట. "బేసు చూడు ఎంత టైటుగున్నదో. ఆమె గొంతు మీదికెళ్ళి ముసుగు తీసేసినట్టు లేదూ?"

ఈ ముసుగు తీసేయడం అనేది కేబులు అమ్మేవాళ్ళ భాష. ఎన్ని కేబుళ్ళు మార్చినా ఇంకో ముసుగు మిగిలే ఉంటుంది. ఆ పాడే ఆమె ఎన్ని ముసుగులు వేసుకుని స్టూడియోకి వెళ్ళిందో మరి!

బావ తెలివితక్కువవాడు కాదు. గచ్చిబౌలిలో పెర్ఫార్మెన్స్ టెస్టింగ్ టీముకి లీడు. ఎవరైనా కుర్రాడు వచ్చి "కోడు మార్చాను సార్, కొంచెం ఫాస్టుగా ఉన్నట్టుంది" అంటే, "ఉన్నట్టుంది ఏంది? ముందు ఎంత, ఇప్పుడెంత, ఎన్నిసార్లు రన్ చేసినవ్?" అని వెనక్కి పంపే మనిషి. అలాంటివాడు సాయంత్రం ఇంటికొచ్చి ఎవడో చెప్పిన మాట మీద ముప్ఫై ఎనిమిది వేలు పెట్టి, ఒక్కసారి విని, "ఉన్నట్టుంది" అంటున్నాడు. నా గొడవ ఇదే. బావ ఒక్కడితో కాదు, మనందరితో. ఆఫీసులో డేటా అడిగే మనం ఐడీ కార్డుతో పాటు ఆ బుద్ధి కూడా మెళ్ళోంచి తీసేసి ఇంటికెందుకు వస్తాం?

చిన్న మార్పుతో ధ్వని మారదని నేను అనడం లేదు. మారుతుంది. పావు చుట్టు తిరిగిన ఒక్క స్క్రూ వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చివర్లో చెబుతాను. ఎక్కడ మారుస్తున్నాం అన్నదే నా ప్రశ్న. శబ్దం ఒక కదిలే వస్తువుని తాకే చోట్లున్నాయి: టేపు హెడ్డుకి రాసుకునే చోటు, సూది రికార్డు గాడిలో దిగే చోటు, స్పీకరు కోను గాలిని తోసే చోటు, ఆ గాలి గోడకి తగిలే చోటు. అక్కడ వెంట్రుకవాసి తేడా అయినా చెవికి తెలుస్తుంది. రాగి తీగలో ఎలక్ట్రాన్లు నడిచే చోట అలా కాదు. డబ్బులు మాత్రం అక్కడే ఎక్కువ పోస్తాం, ఎందుకంటే అక్కడే అమ్మడానికి వస్తువు ఉంది.

ముందు నా సంగతి ఒప్పుకోవాలి. 2009లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆరు వేలు పెట్టి సీడీ ప్లేయరుకీ ఆంప్లిఫయరుకీ మధ్య వేసే వైరు కొన్నాను. తగిలించి కూర్చుంటే ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్‌లో అంతకుముందు లేని ఏదో మెరుపు. నాలుగు రోజులు ఆ మెరుపు గురించి రూమ్మేట్‌ని తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. ఐదో రోజు దుమ్ము తుడుస్తూ చూస్తే ఏముంది! ఆ ప్లేయరుకి రెండు జతల ఔట్‌పుట్ సాకెట్లు. కొత్త వైరు రెండో జతలోంచి ఆంప్లిఫయరు ఆక్స్ సాకెట్లోకి వెళ్తోంది, సెలెక్టరు నాబు మాత్రం 'సీడీ' దగ్గరే ఉంది. నాలుగు రోజులూ నేను విన్నది పాత వైరునే. ఆ మెరుపు నా ఆరు వేలది.

కాబట్టి "నాకు తేడా వినిపించింది" అని ఎవరైనా అంటే అబద్ధమాడుతున్నారని అనుకోను. నిజంగానే వినిపిస్తుంది. తల ఒక జానెడు పక్కకి జరిపితే చెవిదాకా వచ్చే శబ్దం మారుతుంది. వాల్యూము అర డెసిబెలు పెరిగితే "పెరిగింది" అని అనిపించదు, "బాగుంది" అని అనిపిస్తుంది. పైగా రెండోసారి విన్నప్పుడు మొదటిసారి పట్టించుకోని తబలా మీదికి మనసు పోతుంది. ఇవన్నీ కొత్త కేబులు ఖాతాలో జమైపోతాయి.

ఇప్పుడు లెక్క. బావ ఆంప్లిఫయరుకీ స్పీకరుకీ మధ్య ఐదు మీటర్లు. గడియారం సెంటర్ దగ్గర ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా ఇచ్చే 1.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరింగు రాగి తీగ తీసుకుందాం. మీటరుకి దాదాపు 0.0115 ఓములు. పోనూ రానూ పది మీటర్లకి 0.115. స్పీకరు 8 ఓములు. అంటే తగ్గేది సుమారు 0.12 డెసిబెలు. అంత చిన్న తేడా పాటలో పట్టుకోవడం మనుషుల వల్ల కాదు. ఆ కేబులు పూర్తిగా సున్నా ఓములని అనుకున్నా, ముప్ఫై ఎనిమిది వేలకి బావ కొనుక్కున్నది ఆ 0.12 మాత్రమే.

కాదనను, మరీ సన్నం తీగ వేస్తే తేడా ఉంటుంది. ఆటబొమ్మలో ఉండే 0.2 చదరపు మిల్లీమీటర్ల తీగతో అదే దూరం లాగితే దాదాపు 0.9 డెసిబెల్ పోతుంది. స్పీకరు అన్ని స్వరాలకీ 8 ఓములే ఉండదు కాబట్టి టోను కూడా కొంచెం మారుతుంది. దానికి మందు కొంచెం లావు తీగ, అంతే. 2007లో అమెరికాలో జేమ్స్ రాండీ, 7,250 డాలర్ల కేబులుకీ మామూలు కేబులుకీ తేడా చూడకుండా విని చెప్పినవాళ్ళకి పది లక్షల డాలర్లిస్తానన్నాడు. ఆ డబ్బు ఎవరూ పట్టుకెళ్ళలేదు. కేబులు అమ్మకాలు కూడా తగ్గలేదనుకోండి.

కరెంటు వైరుది ఇంకో భాగోతం. గోడ సాకెట్టు నించి ఆంప్లిఫయరుకి వచ్చే మీటరున్నర వైరు మారిస్తే "కరెంటు శుభ్రపడుతుంద"ట. మా జిల్లాలవాళ్ళకి చెప్పాల్సిన మాటేనా ఇది? శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో ఒక్కోటీ 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. అక్కడ పుట్టిన కరెంటు నల్లమల దాటి, అల్యూమినియం తీగల మీద కొండలూ గుట్టలూ ఎక్కి దిగి, సబ్‌స్టేషన్లు తిరిగి, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్లో ఉడుకి, స్తంభం మీద లైన్‌మన్ మెలిపెట్టిన జాయింటు దాటి ఇంట్లోకొస్తుంది. దారంతా చెయ్యలేని శుద్ధి ఆ చివరి మీటరున్నర చేస్తుందంటే, కృష్ణ నీళ్ళని అంత దూరం నించి పైపులో తెచ్చి చివర్లో వెండి చెంబులో పోస్తే శుద్ధి అయిపోయాయన్నట్టు.

నిజంగా కరెంటు వల్ల పాట చెడిపోయిన రోజులు నాకు తెలుసు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. తొంభైలలో త్రీఫేజు రాగానే బోరుమోటార్లన్నీ ఒక్కసారి లేచేవి. బల్బు నారింజ పండు రంగులోకి తిరిగేది. టేప్‌రికార్డరులో పాట నీరసపడి మందగించేది, గాయకుడికి జ్వరం వచ్చినట్టు. 2018 జనవరి నించి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఒక్కసారి మోటార్లు లేవడమన్న బాధ చాలా తగ్గింది. ఎర్తింగు బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. మనది రాతి నేల. పైన రెండడుగులు ఎర్రమట్టి, కింద గ్రానైటు. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే ఎర్త్ పేరుకే ఉంటుంది. ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఎర్త్ సరిగ్గా ఉండటం ముందు ప్రాణాలకి మంచిది, పాట తర్వాత సంగతి. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వారానికి రెండు బకెట్ల నీళ్ళు పొయ్యండి. స్పీకర్లో అదేపనిగా సన్నటి గుయ్‌మనే మోత వస్తోందా? టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్లిఫయరు మూడింటినీ ఒకే బోర్డులోంచి తీసుకుని చూడండి. చాలాసార్లు పోతుంది. దీనికి కూడా ఎవడూ డబ్బులు తీసుకోడు, అందుకే ఎవడూ చెప్పడు.

ఇక డిజిటల్ కేబుళ్ళు, "ఆడియో గ్రేడ్" నెట్‌వర్క్ స్విచ్‌లు. వీటిని మన ఐటీవాళ్ళు కొనడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. పొద్దున్న అదే రెండొందల రూపాయల వైరు మీద ప్రొడక్షన్ బిల్డు లాగావు కదా, ఒక్క బిట్టు తేడా వస్తే చెక్‌సమ్ ఊరుకునేదా? సాయంత్రం అదే వైరులో పాట ఫైలు వస్తుంటే బిట్లకి నీరసం వస్తుందా? "యూఎస్‌బీ ఆడియోలో తప్పు వస్తే మళ్ళీ పంపే ఏర్పాటు లేదు" అంటారు తెలిసినవాళ్ళు. నిజమే. కానీ తప్పు వస్తే టిక్కుమంటుంది, లేదా పాట తెగుతుంది. వయొలిన్ ఒక్కటే కొంచెం మసకబారి, తబలా బాగానే ఉండేలా తప్పిపోయే తెలివి బిట్లకి లేదు.

మళ్ళీ బావ హాలుకొద్దాం. "నాకు వినిపిస్తుంటే నీ లెక్కలెందుకు" అన్నాడు. సరే టెస్టు పెడదాం అన్నాను. గడియారం సెంటర్ నించి పది మీటర్ల తీగ తెచ్చాను. వాల్యూము నాబు కదలకుండా టేపు అంటించాం. స్పీకర్ల వెనకంతా కనపడకుండా అట్టపెట్టెలు అడ్డం పెట్టాం. పాట దగ్గర కాసేపు వాదించుకున్నాం. సినిమా పాట వద్దన్నాను. స్టూడియోలో ఏం కలిపారో తెలియని పాట అసలు ఎలా వినిపించాలో ఎవరికి తెలుసు? దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర పెట్టాను. పాలమూరు మనిషి, 2022లో పద్మశ్రీ వచ్చింది. ఎండిన సొరకాయ బుర్రల్లోంచి వచ్చే ఆ మోతని మేమిద్దరం ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళం కాబట్టి, సరిగ్గా వస్తే ఎలా ఉండాలో తెలుసు.

అక్క రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మయితే పెద్ద కేబులు, బొరుసయితే మామూలు తీగ తగిలించేది. ఆ మార్చేటప్పుడు మేమిద్దరం వరండాలో. పన్నెండు సార్లు. బావ ఏడు సరిగ్గా చెప్పాడు. కళ్ళు మూసుకుని నోటికొచ్చింది చెప్పినా పన్నెండులో ఏడో అంతకంటే ఎక్కువో సరిపోయే అవకాశం నూటికి దాదాపు 39. పది సరిపోతే నేను చెవులు పట్టుకుని గుంజీళ్ళు తీసేవాణ్ణి, ఎందుకంటే గుడ్డిగా చెప్పి పది దాటే అవకాశం నూటికి రెండుకూడా లేదు. మూడుసార్లు "ఇదే, ఇదే, ముసుగు పోయింది" అని ఎగిరి గంతేసింది ఇంటి వైరింగు తీగకి. "నువ్వు పక్కన కూసుంటే టెన్షన్ల సరిగ వినలే" అన్నాడు. అలాంటి సాకు టీములో ఎవరైనా చెబితే ఏమంటాడో నాకు తెలుసు. అక్క ఉందని అడగలేదు.

సరే, తేడా కావాలంటే చూపిస్తానన్నాను. ఆ హాలు పన్నెండడుగులు ఇంటూ పదిహేను, ఎత్తు పది. కింద నున్నటి టైల్సు, పైన స్లాబు, గోడలకి పుట్టీ కొట్టి రంగు. కర్టెన్లు ఇంకా రాలేదు. చప్పట్లు కొడితే ఎక్కడో బావిలో కొట్టినట్టుంది. వాలెస్ సబైన్ అని హార్వర్డ్‌లో ఒక కుర్ర ప్రొఫెసరుండేవాడు. 1895 ప్రాంతంలో, మాట అర్థంకాని ఒక లెక్చర్ హాలుని బాగుచెయ్యమని యూనివర్సిటీ ఆయనకి అప్పగిస్తే, పక్కనున్న థియేటరు సీట్ల మీది దిండ్లు రాత్రిపూట మోసుకొచ్చి, ఒక్కో వరస పెంచుతూ మోత ఎంతసేపు నిలుస్తోందో లెక్కపెట్టాడు. ఆ సూత్రమే ఇప్పటికీ వాడతాం: 0.161 ని గది ఘనపరిమాణంతో గుణించి, మొత్తం పీల్చుకునే శక్తితో భాగించడం. బావ హాలు 51 ఘనపు మీటర్లు. నున్నటి గోడలు, నేల వందలో మూడు పాళ్ళు పీలుస్తాయనుకుంటే, ఖాళీ గదిలో మోత మూడు సెకన్లు దాటుతుంది. సోఫా, మనుషులు ఉంటే తగ్గుతుందనుకోండి. అయినా ఒక మాట చచ్చేలోపు నాలుగు మాటలు పుడుతుంటే ఏ కేబులు ఏం చేస్తుంది?

మా అత్తగారిది పాలమూరు పక్క పల్లె. అక్కడి పాతింట్లో మట్టిగోడలు, దంతెల కప్పు. కింద మాత్రం షాబాదు బండలే. పత్తి ఏరిన రోజుల్లో బేరం కుదిరేదాకా నడింట్లో నడుమెత్తు పత్తి కుప్ప ఉండేది. ఆ రోజుల్లో రేడియో వార్తలు చదివేవాడు మన పక్కనే కూర్చుని చదువుతున్నట్టుండేది. పత్తి అమ్మేశాక మళ్ళీ మామూలే. దూది శబ్దాన్ని మింగేస్తుందని అప్పుడు నాకు తెలీదు. రేటు బాగా వచ్చిన ఏడు అందరి గొంతులూ పెద్దవయ్యాయేమో అనుకునేవాణ్ణి.

మర్నాడు ఆ ఇంటి నించే రెండు పాత గొంగళ్ళు తెప్పించాను. నల్ల గొర్రెల ఉన్ని, కురుమలు నేసినవి. ఎత్తితే చెయ్యి నొప్పి పుట్టే బరువు. సోఫాకి ఎదురు గోడకి తాకకుండా, నాలుగంగుళాలు వదిలి, మడతలు పడేట్టు వేలాడదీశాం. రెండు దూది పరుపులు వెనక గోడకి నిలబెట్టాం. బావ స్పీకర్లని గోడ మూలల్లోకి నెట్టి పెట్టాడు, స్థలం కలిసొస్తుందని. మూలలో పెడితే గోడలు, నేల కలిసి బేసుని ఉబ్బించేస్తాయి. దాన్ని గొంగడి ఏమీ చెయ్యలేదు కాబట్టి స్పీకర్లని రెండడుగులు ముందుకి లాగి, మొహాలు సోఫా వైపు కొంచెం తిప్పాం. ఒక స్పీకరు తీగలు ప్లస్సు మైనస్సు తారుమారై ఉన్నాయి కూడా. 1.5 వోల్టుల బ్యాటరీ తాకిస్తే ఒక కోను బయటికి, రెండోది లోపలికి కదిలింది. రెండు స్పీకర్లూ ఒకదాని బేసుని ఇంకోటి తినేస్తున్నాయి. ముప్ఫై ఎనిమిది వేల కేబులుని బావ స్వయంగా తిరగేసి తగిలించాడన్నమాట!

అదే కిన్నెర పెట్టాం. వంటింట్లోంచి అక్క వచ్చింది. మేమేం చేశామో ఆమెకి చెప్పలేదు. గుమ్మంలో నిలబడి "ఇయ్యాల ఆయన ఏం పాడుతుండో అర్థమైతున్నది" అంది. బావ ఏమీ అనలేదు. కాసేపయ్యాక "గొంగళ్ళు హాల్లో బాగుండయి కదా" అన్నాడు. అదొక్కటీ ఒప్పుకుంటాను, చుట్టాలొస్తే గొంగడి కన్నా కేబులే గొప్పగా కనపడుతుంది.

ఇప్పుడు ఆ స్క్రూ. మా అమ్మవాళ్ళ నాన్న యక్షగానం కట్టేవాడు. 1986లో మా మామయ్య కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న టూ-ఇన్-వన్‌తో, ఒక రాత్రి వాకిట్లో మంచం మీద తాతని కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాడు. ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టే. ఏళ్ళ తరబడి దాన్ని ఏ డెక్కులో పెట్టినా దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టే వచ్చేది. టేపు పాడైపోయిందనుకున్నాం.

టేపు పాడవలేదు. క్యాసెట్టు టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంటే 10 కిలోహెర్ట్జ్ శబ్దానికి టేపు మీద ఒక తరంగం పొడవు 4.76 మైక్రాన్లు. మోనో ట్రాకు వెడల్పేమో 1.5 మిల్లీమీటర్లు. రికార్డు చేసిన హెడ్డు ఏ వాలుగా ఉందో, ఇప్పుడు వినిపించే హెడ్డూ అదే వాలుగా ఉండాలి. డిగ్రీలో అయిదో వంతు కూడా అక్కర్లేదు, 0.18 డిగ్రీ తేడా ఉంటే ట్రాకు ఒక అంచుకీ ఇంకో అంచుకీ సరిగ్గా ఒక తరంగం తేడా వచ్చి 10 కిలోహెర్ట్జ్ పూర్తిగా సున్నా అయిపోతుంది. దాని కిందివీ చాలా దెబ్బతింటాయి. స, శ, చ లాంటి అక్షరాల పదునంతా ఆ పై శబ్దాల్లోనే ఉంది. మామయ్య టూ-ఇన్-వన్ హెడ్డు ఏ వంకరతో ఫ్యాక్టరీ నించి వచ్చిందో, ఆ వంకర తాత గొంతుతో పాటే టేపులో ముద్రపడింది.

హెడ్డు పక్కన స్ప్రింగు కింద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ముందు స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచాను, గోధుమరంగు మడ్డి వచ్చింది. తర్వాత టేపు నడుస్తుండగానే సన్న స్క్రూడ్రైవరుతో ఆ స్క్రూ మెల్లగా తిప్పాను. ఇటు తిప్పితే ఇంకా మొద్దుబారింది. అటు తిప్పితే పావు చుట్టు దగ్గర ఉన్నట్టుండి దుప్పటి తీసేసినట్టయింది. (అవును, ముసుగు తీసినట్టే. ఇక్కడ ఆ మాట వాడుకునే హక్కు నాకుంది.)

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగిపోయింది. "అగో, గిది మా నాయిననే. ఇన్నొద్దులు ఎవలో దూరంకెళ్ళి మొత్తుకుంటున్నట్టుండె."

పాట మధ్యలో, తాత ఊపిరి తీసుకునే చోట, వెనకనించి ఒక సణుగుడు లాంటిది ఉండేది. ఏ బర్రెనో అదిలిస్తున్నారనుకునేవాళ్ళం. ఇప్పుడు మాటలు వచ్చాయి. "చాలు తియ్యి, చాయ చల్లగైతున్నది." అమ్మమ్మ. నేను పుట్టకముందే పోయింది. ఆమె గొంతు ఎక్కడా లేదనుకున్నాం. అమ్మ ఆ ఒక్క ముక్క వెనక్కి తిప్పించి తిప్పించి విన్నది. ఏడోసారో ఎనిమిదోసారో "టేపు అరిగిపోతదేమో రా, ఇగ చాలు" అని తనే ఆపించింది. ఆ రాత్రే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి మూడుచోట్ల దాచాను.

బావవాళ్ళ నాన్న తెలుగు మాష్టారు. పదో తరగతి పిల్లల కోసం పద్యాలు రాగయుక్తంగా పాడి, అర్థాలు చెప్పి రికార్డు చేసుకున్న టేపులు నల్లగొండ ఇంట్లో అటకమీద అట్టపెట్టెలో ఉన్నాయి. ముప్ఫై పైనే. కేబులు దాచడానికి మేం వాడిన అట్టపెట్టెల్లో అదొకటి. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఒక్క టేపూ ఇప్పటిదాకా మళ్ళీ పెట్టలేదు, డెక్కు రబ్బరు బెల్టు సాగిపోయిందట. యాభై, అరవై రూపాయలుంటుంది. మొన్న ఫోన్ చేసి కొన్నావా అంటే, "కొంట కొంట, ముందు ఈ కేబులు వాపస్ తీసుకుంటడేమో అడుగుతున్న" అన్నాడు.